పాత బట్టలు సేకరించాలంటే ముందు అడగండి

మహిళా క్లబ్బులు తరచూ చేపట్టే పని బట్టల సేకరణ. ఇంటింటికీ తిరిగే ముందే, తీసుకునే సంస్థవాళ్లను అడగండి: ఎంతమంది ఉన్నారు, ఏ వయసు, ఏం కావాలి? అడగకుండా మొదలుపెడితే పెద్దల బట్టలు గుట్టలు పడతాయి, పిల్లల సైజువి నాలుగు కూడా ఉండవు. లోదుస్తులు మాత్రం కొత్తవే కొనాలి.

గడువు 2 వారాలు చాలు. పెంచితే మూటలు ఎవరో ఒకరింట్లో మగ్గిపోతాయి.

వచ్చిన ప్రతి బట్టనూ వెలుతురులో విప్పి చూడండి. చంకల కుట్లు, జిప్పు, గుండీలు, కాలరు లోపలి మరక: లోపాలు దాక్కునేది ఇక్కడే. మీ ఇంట్లో పిల్లలకు తొడగలేనిది పక్కన పెట్టేయండి. తీసుకునేవాళ్లకూ మర్యాద ఉంటుంది. ఉతికి ఆరేశాక జేబులు, నడుము పట్టీ, మందపాటి మడతలు వేళ్లతో నొక్కి చూడండి. అక్కడ కాస్త చెమ్మ మిగిలినా ప్లాస్టిక్ సంచిలో బూజు పట్టి, మూట మొత్తం ముక్క వాసన కొడుతుంది.

సైజుల వారీగా 10 చొప్పున కట్టి, వయసు, సంఖ్య రాసిన చీటీ అంటించండి. అదే లెక్క పుస్తకంలోకి ఎక్కించి, అప్పగించేటప్పుడు సంతకం తీసుకోండి. తీసుకునేవాళ్ల ఫొటోలు మాత్రం తీయొద్దు.