పాత సైటు వెడల్పు మార్చే ముందు

960 పిక్సెళ్ల వెడల్పుతో కట్టిన పాత తెలుగు సైట్లు ఇంకా నడుస్తూనే ఉన్నాయి. 1024 పిక్సెళ్ల మానిటర్ల కాలంలో ఆ అంకె సబబైనదే. స్క్రోల్‌బారుకు చోటు పోయినా పేజీ నిండుగా కనిపించేది. పైగా 960ని 12 నిలువు వరుసలుగానో 16 వరుసలుగానో శేషం లేకుండా పంచుకోవచ్చు. ఇప్పుడు ఫోనులో చదివేవారి కోసం దాన్ని తెరను బట్టి సాగేలా, అంటే ఫ్లూయిడ్‌గా మార్చాలనుకోవడం మంచి ఆలోచనే. కానీ ఉగాది సంచికో దీపావళి సంచికో వెలువడే వారంలో మాత్రం ఈ పని పెట్టుకోవద్దు. ఇది ఒక పూటలో ముగిసినట్టే కనిపిస్తుంది, ఆ తర్వాత పాత వ్యాసాల్లోంచి ఒక్కొక్కటిగా ఫిర్యాదులు బయటికొస్తాయి.

పేజీ రూపానికి సంబంధించిన నియమాలుండే సీఎస్ఎస్ ఫైలు ఒక్కటే దాచుకుంటే చాలదు, పేజీకి అచ్చు లాంటి టెంప్లేట్ కూడా దాచండి. బ్లాగర్‌లో థీమ్ బ్యాకప్ తీసుకోండి. వర్డ్‌ప్రెస్‌లో అయితే అసలు థీమ్‌ను ముట్టకుండా మార్పులు విడిగా పెట్టుకునే చైల్డ్ థీమ్‌లోనే మార్పులు చేయండి. పరీక్షకు హోమ్ పేజీ పనికిరాదు, అది ఎలాగూ బాగానే ఉంటుంది. పట్టిక ఉన్న వ్యాసం, వీడియో ఉన్న వ్యాసం, బారెడు లింకును యథాతథంగా అతికించిన వ్యాసం, పాదాలు విరగకుండా ‘ప్రీ’ ట్యాగులో పెట్టిన పద్యాలు: ఇలాంటి పేజీలు ముందే ఎంచి పెట్టుకోండి.

పేజీని తెర వెడల్పుకే పేర్చమని బ్రౌజర్‌కు చెప్పే వ్యూపోర్ట్ మెటా ట్యాగు ఉందో లేదో మొదట చూడండి. అది లేకపోతే ఐఫోన్ పేజీని 980 పిక్సెళ్ల వెడల్పున్నట్టు పేర్చి, కుదించి చూపిస్తుంది. ఫలానా వెడల్పులోనే వర్తించేలా మీరు రాసిన మీడియా క్వెరీలు ఒక్కటీ అంటుకోవు, తప్పు లేని సీఎస్ఎస్‌లో తప్పు వెతుకుతూ కూర్చుంటారు.

ఇక లెక్క. ఎక్కువ లేఅవుట్లు కూలేది ఇక్కడే. పాత పేజీలో ప్రధాన భాగం 620, మధ్య ఖాళీ 20, సైడ్‌బారు 300, దానికి ఇరువైపులా పదేసి పిక్సెళ్ల ప్యాడింగ్ (పెట్టె అంచుకూ లోపలి సరుకుకూ మధ్య ఖాళీ) అనుకుందాం. మొత్తం 960 సరిపోయింది. ఈ విడ్త్‌లను 960తో భాగించి శాతాలు చేస్తే 64.58, 2.08, 31.25 వస్తాయి. ప్యాడింగ్ మాత్రం పిక్సెళ్లలోనే మిగిలిపోతుంది. 960 దగ్గర అంతా పొందికగా ఉంటుంది, చూసి సంతోషిస్తారు. బ్రౌజర్ కిటికీని 900కు తగ్గించగానే శాతాల వాటా 881.25, దానికి ప్యాడింగ్ 20 కలిపితే 901.25. ఒక పిక్సెల్ పైచిలుకు మించినందుకు, పక్కన నిలబడేలా ఫ్లోట్ చేసిన సైడ్‌బారు మొత్తం వ్యాసం కిందికి జారిపోతుంది.

దీనికి మందు ప్యాడింగ్‌ను విడ్త్‌లోనే కలిపి లెక్కించే ‘బాక్స్-సైజింగ్: బోర్డర్-బాక్స్’. అయితే దాన్ని పెట్టాక సైడ్‌బారు లెక్క 300 మీద కాదు, ప్యాడింగ్‌తో కలిపి 320 మీద వేయాలి, అంటే 33.33 శాతం. అప్పుడు కూడా 900 దగ్గర లోపలి చోటు 280కి తగ్గుతుంది, 300×250 ప్రకటన అంచు దాటి పొడుచుకొస్తుంది. అందుకే ప్రకటన ఉన్న సైడ్‌బారును సన్నబరచడం కంటే, 960 దాటి తగ్గగానే మీడియా క్వెరీతో వ్యాసం కిందికి దింపేయడమే మేలని నా అభిప్రాయం. అలా దింపే నియమం రాసినా కదలకపోతే పాత థీమ్‌లో ఐడీ సెలెక్టర్ (ఒకే పెట్టెకు దాని పేరు మీద రాసిన నియమం) ఉందేమో చూడండి. ఐడీ మీద రాసిన విడ్త్ ముందు మీ క్లాస్ నెగ్గదు.

ఫోనులో పేజీ పక్కకు జరుగుతుంటే చాలామంది పేజీని చుట్టిన పెట్టెకు ‘ఓవర్‌ఫ్లో-ఎక్స్: హిడెన్’ తగిలిస్తారు. అది గోడ పగులు మీద క్యాలెండరు వేలాడదీయడమే. పట్టికలో కుడివైపు నిలువు వరుసలు కనబడకుండా పోతాయి, లోపల స్టికీగా పెట్టిన మెనూ అతుక్కోవడం మానేస్తుంది. దానికి బదులు అన్ని ఎలిమెంట్లకూ ఒక పిక్సెల్ ఎర్రటి అవుట్‌లైన్ గీసి చూడండి. బోర్డర్ చోటు ఆక్రమించి లేఅవుట్‌నే మార్చేస్తుంది, అవుట్‌లైన్ ఆ పని చేయదు. హద్దు దాటిన పెట్టె ఏదో కంటికే తెలుస్తుంది. అది ‘100 వీడబ్ల్యూ’ (కిటికీ మొత్తం వెడల్పు) పెట్టిన హెడర్ కావచ్చు, డెస్క్‌టాప్‌లో ఆ కొలతలో స్క్రోల్‌బారు కూడా కలిసి ఉంటుంది. ఫ్లెక్స్ (పెట్టెలను వరుసగా పేర్చే పద్ధతి) లోపలి పెట్టె అయితే లోపలి సరుకు కంటే సన్నబడనని మొరాయిస్తుంది, దానికి ‘మిన్-విడ్త్: 0’ ఇవ్వాలి. పట్టికలకూ ‘ప్రీ’కీ వాటి పెట్టెలోనే పక్కకు జరిగే వీలు కల్పించండి.

ట్యాగులో ఎత్తు రాసి ఉన్న ఫొటోలకు ‘మ్యాక్స్-విడ్త్: 100%’ ఒక్కటే ఇచ్చి వదిలితే మనుషులు నిలువునా సాగిపోతారు. ‘హైట్: ఆటో’ కూడా కావాలి. పాత ఎడిటర్లు ట్యాగులోనే స్టైల్‌గా ఎత్తు రాసి పెట్టి ఉంటే దాన్ని తోసిపుచ్చే ‘ఇంపార్టెంట్’ వాడక తప్పదు. వీడియో ఐఫ్రేమ్‌కు మాత్రం ‘హైట్: ఆటో’ ఒక్కటే పెట్టవద్దు, అది 150 పిక్సెళ్ల పట్టీగా కుంచించుకుపోతుంది. దానితో పాటు ‘యాస్పెక్ట్-రేషియో: 16 / 9’ కూడా ఇవ్వండి.

తెలుగుకు ప్రత్యేకంగా జాగ్రత్త పడాల్సినవి ఉన్నాయి. ఇంగ్లీషు థీముల్లో శీర్షికలకు ఉండే 1.2 లైన్-హైట్ మనకు ఇరుకు. ‘స్త్రీ’ లాంటి అక్షరం కింది వత్తులు తర్వాతి పంక్తి గుడులను తాకుతాయి. శీర్షికలకు 1.5, వ్యాసానికి 1.7 చుట్టుపక్కల మొదలుపెట్టి, వాడే ఫాంటును బట్టి సర్దుకోండి. మండలి ఫాంటుకు సరిపోయింది రామభద్ర ఫాంటుకు సరిపోతుందన్న హామీ లేదు. బటన్లకూ మెనూలకూ స్థిరమైన ఎత్తు పెట్టవద్దు, వెడల్పు తగ్గి మాటలు రెండో పంక్తికి దిగిన రోజున వత్తులు తెగిపోతాయి. ఎత్తు ప్యాడింగ్ నుంచే రావాలి. పంక్తి పొడవుకు థీమ్ ‘65 సీహెచ్’ అని చెబితే నమ్మవద్దు. ఆ కొలత సున్నా అంకె వెడల్పు మీద ఆధారపడింది, మన అక్షరాలు దానికంటే వెడల్పైనవి. పొడవైన సమాసాలకు ‘ఓవర్‌ఫ్లో-ర్యాప్: బ్రేక్-వర్డ్’ చాలు. ‘వర్డ్-బ్రేక్: బ్రేక్-ఆల్’ పెడితే మామూలు మాటలు కూడా పంక్తి చివర ఎక్కడపడితే అక్కడ విరుగుతాయి.

చూసేటప్పుడు ఫోను నమూనాలు ఎంచుకోవడంతో సరిపెట్టకుండా, కిటికీ అంచు పట్టుకుని 1200 నుంచి 320 వరకు నెమ్మదిగా లాగండి. 900 దగ్గర జారిన సైడ్‌బారు నిలువుగా పట్టిన ఏ ఫోను నమూనాలోనూ కనబడదు. ఒక చోటు నుంచి కింది నియమాలన్నీ ఒక్కసారిగా పనిచేయడం మానేస్తే, దానికి పైన మూయని బ్రాకెట్ కోసం వెతకండి. 2023 నుంచి బ్రౌజర్లు నెస్టింగ్‌ను (ఒక నియమం లోపల మరో నియమం రాయడాన్ని) అంగీకరిస్తున్నాయి కాబట్టి, తర్వాతి నియమాలు ఆ మూయని నియమం లోపలివిగా లెక్కకొచ్చి చప్పుడు లేకుండా చెల్లకుండా పోతాయి.

కొత్త సీఎస్ఎస్‌ను పాత పేరుతోనే ఎక్కించవద్దు. ఫైలు పేరులో వెర్షన్ అంకె మార్చండి, లేకపోతే కొందరికి కొత్త టెంప్లేట్, బ్రౌజర్ దాచుకున్న కాషేలోని పాత స్టైల్ కలిసి కనబడతాయి. పాత ఫైలును కూడా కొన్నాళ్లు సర్వరులోనే ఉంచండి, కాషేలోని పాత పేజీలు దాని కోసమే వస్తాయి.