ప్రీమియర్ ప్రోలో తెలుగు వత్తులు విడిపోతుంటే ఏం చేయాలి?

ఫంక్షన్ హాల్లో పెళ్లి వీడియో మొదలైంది. ఎల్ఈడీ తెర మీద పసుపు రంగు అక్షరాల్లో "చి.ల.సౌ. శ్‌రీలక్‌ష్‌మి" అని పడింది. శ నెత్తిన పొల్లు, క్రారవడి ఊడిపోయి దాని పక్కన ఒక పూర్తి "రీ". ముందు వరుసలో ఉన్న పెళ్లికూతురి తాతగారు కళ్లజోడు సర్దుకుని రెండోసారి చదువుకున్నారు. ఆ వీడియో నేను చేసింది కాదు. అయినా ఎడిటర్‌గా నాకు తల కొట్టేసినట్టయింది.

చేసినతన్ని అడిగితే, "ప్రీమియర్‌లో తెలుగు సపోర్ట్ లేదు అన్నా, ఏం చేస్తాం" అన్నాడు. ఈ మాట ఎంతమంది నోట విన్నానో లెక్కలేదు. వీడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ప్రీమియర్ ప్రోలో తెలుగుకు సపోర్ట్ ఉంది. దానికి ఒక సెట్టింగ్ మార్చాలి, మీ సిస్టమ్‌లో అది మార్చి లేదు, అంతే. మార్చడానికి ఒక నిమిషం చాలు. అసలు కష్టమంతా, తప్పు అక్కడే ఉందా లేక ఇంకోచోట ఉందా అని తేల్చుకోవడంలోనే.

ముందుగా కావలసినవి

ఒక యూనికోడ్ తెలుగు ఫాంట్, తెలుగు కీబోర్డు. యూనికోడ్ అంటే ఏ కంప్యూటర్‌లోనైనా ప్రతి అక్షరానికీ ఒకే కోడ్ ఉండే పద్ధతి. విండోస్ 8 నుంచి నిర్మలా యూఐ అనే ఫాంట్ సిస్టమ్‌తోనే వస్తుంది, పరీక్షకు అది సరిపోతుంది. అందమైన టైటిల్ కావాలంటే సిలికానాంధ్ర వాళ్ల చొరవతో వచ్చిన రామభద్ర, మండలి, మల్లన్న, ఎన్టీఆర్ లాంటివి గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతాయి. టైటిల్‌కు రామభద్ర, సబ్‌టైటిల్‌కు మండలి వాడండి. సబ్‌టైటిల్‌కు మరీ లావు అక్షరం పెట్టకండి, ఫోన్‌లో చూసేవాళ్లకు వత్తులు పూడిపోయినట్టు కనిపిస్తాయి.

ఫాంట్ ఇన్‌స్టాల్ చేశాక ప్రీమియర్‌ను ఒకసారి మూసి తెరవండి.

తప్పు ఎక్కడుందో తేల్చుకోవడం

ఇక్కడ తొందరపడకండి. నా దగ్గరికి వచ్చినవాళ్లలో చాలామంది ఈ పని వదిలేసి, ముందే సాఫ్ట్‌వేర్ తీసేసి మళ్లీ ఎక్కించుకుని సగం రోజు పోగొట్టుకున్నవాళ్లే.

నోట్‌ప్యాడ్ తెరిచి ఈ మాటలు మీ చేత్తో టైప్ చేయండి: స్త్రీ, రాష్ట్రం, లక్ష్మి, కృష్ణ, జ్ఞానం. వీటినే ఎందుకంటే, "అమ్మ", "నాన్న" బాగా వస్తే అంతా బాగున్నట్టు కాదు. రెండు వత్తులున్న మాట, క్రారవడి ఉన్న మాట, వట్రసుడి ఉన్న మాట మూడూ పరీక్షలో ఉండాలి. వాటిని కాపీ చేసి, ప్రీమియర్‌లో టి కీ నొక్కి టైప్ టూల్ తీసుకుని, తెర మీద పేస్ట్ చేయండి. ఫాంట్ నిర్మలా యూఐ పెట్టండి. ఇప్పుడు మీ అసలు టైటిల్‌ను కూడా దాని పక్కన పెట్టి చూడండి.

మీ టైటిల్ ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు కలిసిన గందరగోళంలా కనిపిస్తే అది యూనికోడ్ కాదు. శుభలేఖ కొట్టిన డీటీపీ షాపు ఫైల్ నుంచి తెచ్చుకున్నప్పుడు ఇలాగే అవుతుంది. అక్కడ ఎక్కువగా అను ఫాంట్లు వాడతారు. వాటిలో తెలుగు అక్షరం ఆకారం మాత్రమే ఉంటుంది, లోపల ఉండే కోడ్ వేరు. దీనికి ఏ సెట్టింగూ పనిచేయదు. ఆ పంక్తులన్నీ మీరే కూర్చుని కొత్తగా టైప్ చేయండి. గోత్రాలు, ఇంటిపేర్లు కన్వర్టర్‌కు (అను, యూనికోడ్ రాతలను ఒకదాన్నుంచి ఇంకోదానికి మార్చే సాఫ్ట్‌వేర్‌కు) ఇచ్చి నమ్ముకోకండి.

అక్షరాల బదులు డబ్బాలు కనిపిస్తే ఎంచుకున్న ఫాంట్‌లో తెలుగు లేదు. ఫాంట్ మార్చండి.

అక్షరాలన్నీ తెలుగులోనే ఉండి, వత్తులు మాత్రం కిందికి దిగకుండా వరసలో నిలబడి, నెత్తిన పొల్లు కనిపిస్తుంటే, అప్పుడు మాత్రమే అది మనం వెతుకుతున్న సెట్టింగ్ సమస్య.

ఇది ఎందుకు వస్తుందో తెలిస్తే టెన్షన్ పోతుంది. మన కంటికి "స్త్రీ" ఒక అక్షరం. కంప్యూటర్ దాన్ని స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం అని ఆరు ముక్కలుగా దాచుకుంటుంది. ఆ ఆరింటినీ చూసి, ఫాంట్‌లో రాసి ఉన్న నియమాల ప్రకారం ఒకే ఆకారంగా కూర్చాల్సింది టెక్స్ట్ ఇంజిన్. యూరప్ లిపుల కోసం పెట్టిన ఇంజిన్ నడుస్తుంటే ఆ కూర్పు జరగదు, ముక్కలు ముక్కలుగానే తెర మీదికి వస్తాయి. అంటే మీరు రాసింది చెడలేదు, గీయడం ఒక్కటే చెడింది. నమ్మకం లేకపోతే ఆ విరిగిన టైటిల్‌నే మళ్లీ నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేయండి, చక్కగా కనిపిస్తుంది.

ఒక జాగ్రత్త. రెండు తప్పులు ఒకేసారి ఉండొచ్చు. డబ్బాలు వచ్చాయని ఫాంట్ మారుస్తారు, వెంటనే వత్తులు విరిగి కనిపిస్తాయి, కొత్త ఫాంటే బాగాలేదనుకుని ఇంకోటి, ఇంకోటి మారుస్తూ పోతారు. డబ్బాల వెనక ఆ రెండో తప్పు ముందు నుంచే ఉంది. ఒకసారికి ఒక్కటే మార్చండి, మార్చిన ప్రతిసారీ ఆ అయిదు మాటలూ చదవండి.

సెట్టింగ్ మార్చడం

విండోస్‌లో ఎడిట్ మెనూ, అందులో ప్రిఫరెన్సెస్, అందులో గ్రాఫిక్స్. మ్యాక్‌లో ప్రీమియర్ ప్రో పేరున్న మెనూలో సెట్టింగ్స్, అందులో గ్రాఫిక్స్. అక్కడ టెక్స్ట్ ఇంజిన్ దగ్గర "యూరోపియన్ అండ్ ఈస్ట్ ఏషియన్" అని ఉంటుంది. దాన్ని "సౌత్ ఏషియన్ అండ్ మిడిల్ ఈస్టర్న్"కు మార్చి ఓకే నొక్కండి.

అక్కడే కనిపించే మిగతావాటి జోలికి పోవద్దు. పేరా దిశ ఎడమ నుంచి కుడికే ఉండాలి. "హిందీ డిజిట్స్" ఆన్ చేయకండి. పేరు చూసి దేవనాగరి అంకెలనుకుంటారు, కానీ అవి అరబ్బీ లిపిలో వాడే అంకెలు. ముహూర్తం టైమ్ ఎవరికీ అర్థం కాకుండా పోతుంది.

తర్వాత ప్రాజెక్ట్ సేవ్ చేసి, ప్రీమియర్ మూసి మళ్లీ తెరవండి. పాత టైటిల్ దానంతటదే బాగుపడుతుందని ఎదురుచూడకండి. కొత్త టెక్స్ట్ లేయర్ తీసుకుని, టైటిల్ మాటలను నోట్‌ప్యాడ్ నుంచి అందులో పేస్ట్ చేసి, పాతది తీసేయండి.

ఈ సెట్టింగ్ ఉండేది మీ కంప్యూటర్‌లో. ప్రాజెక్ట్ ఇంకో సిస్టమ్‌కు తీసుకెళ్తే అక్కడా మార్చాలి, ఫాంట్ కూడా ఎక్కించాలి. ప్రతి చిన్న ఇబ్బందికీ ఆల్ట్ నొక్కిపట్టి ప్రిఫరెన్సెస్ రీసెట్ చేసే అలవాటున్నవాళ్లు ఆ తర్వాత ఇక్కడికి వచ్చి మళ్లీ చూసుకోవాలి.

అను ఫాంట్‌తో చేస్తే ఏం పోయింది?

ఇది అడగనివాళ్లు లేరు. పోయేది చాలా ఉంది. చివరి నిమిషంలో పెళ్లివాళ్లు "మేనమామ పేరు తప్పు పడింది" అంటే మళ్లీ కన్వర్టర్ తెరవాలి. అదే పాట సాహిత్యాన్ని సబ్‌టైటిల్‌గా యూట్యూబ్‌లో పెట్టాలంటే పనికిరాదు, అక్కడ యూనికోడే కావాలి. ఎస్‌ఆర్‌టీ ఫైల్ (సబ్‌టైటిళ్లు ఉండే ఫైల్) కూడా నోట్‌ప్యాడ్‌లో యూటీఎఫ్-8గానే సేవ్ చేయండి, ఏఎన్‌ఎస్‌ఐ ఎంచుకుంటే తెలుగంతా ప్రశ్నార్థకాలైపోతుంది.

టైటిల్‌ను ఫోటోషాప్‌లో చేసి పీఎన్‌జీగా తెచ్చుకోవడం కొంత నయం. కానీ ఒక్క వత్తు సరిచేయడానికి రెండు సాఫ్ట్‌వేర్లు తెరవాల్సి వస్తుంది. మీ పాత వెర్షన్‌లో టెక్స్ట్ ఇంజిన్ అనేదే కనిపించకపోతేనే ఆ దారి పట్టండి.

ఎక్స్‌పోర్ట్ చేసే ముందు

ట్రాకింగ్ సున్నాలో ఉంచండి. అక్షరాల మధ్య ఖాళీ పెంచడం ఇంగ్లిష్‌కు బాగుంటుంది, తెలుగులో వత్తు తన అక్షరానికి దూరమవుతుంది. పంక్తుల మధ్య దూరం మాత్రం పెంచండి, లేకపోతే పై పంక్తి వత్తులు కింది పంక్తి తలకట్లకు తగులుతాయి. ఒక్కో అక్షరం టైప్ అవుతున్నట్టు వచ్చే యానిమేషన్ తెలుగుకు వద్దు, పదం మొత్తం ఒకేసారి వచ్చేదే వాడండి.

పేర్లున్న పది సెకన్ల ముక్క మాత్రం ముందుగా ఎక్స్‌పోర్ట్ చేసి ఫోన్‌లో చూడండి. దాన్నే పెళ్లివాళ్లకు వాట్సాప్‌లో పంపి, ప్రతి పేరూ ఇంట్లో పెద్దవాళ్లతో చదివించమనండి. వాళ్లు సరే అన్నాకే పూర్తి వీడియో రెండర్‌కు పెట్టండి.