అంతర్వేది ఇసుకలో పోయిన ఉంగరాన్ని మెటల్ డిటెక్టర్‌తో వెతకడం ఎలా?

సముద్ర స్నానంలో ఉంగరం పోవడానికి క్షణం చాలు. చల్లటి నీళ్ళకి వేళ్ళు కాస్త సన్నబడతాయి, కెరటం మీద పడగానే చెయ్యి విదిలిస్తాం, అంతే. మాఘ పౌర్ణమికి అంతర్వేది వచ్చిన ఒక కొత్త అల్లుడికి ఇలాగే జరిగింది. పెళ్ళయి పదిహేను రోజులే. అల్లుడి కంటే మామగారికి టెన్షన్ ఎక్కువ. "మీ దగ్గర ఆ కుయ్ కుయ్ మనే మిషను ఉందంట కదండీ, ఓసారి తెద్దురూ" అని ఫోన్ చేశారు. తీసుకెళ్ళాను. ఆ రోజు సాయంత్రం దాకా వలల సీసం గుళ్ళు, బీరు సీసా మూతలు తవ్వి, ఉంగరం లేకుండానే తిరిగొచ్చాను. మర్నాడు దొరికింది. మొదటి రోజు నేను చేసిన తప్పులూ, రెండో రోజు మార్చుకున్న పద్ధతీ కలిపి రాస్తున్నాను.

అసలు తప్పు ఒక్కటే. మిషను సెన్సిటివిటీ ఎంత పెంచితే అంత లోతుకు చూస్తుందనుకున్నాను. మన తీరంలో అది పనిచేయదు. ఎందుకో తెలియాలంటే ముందు ఇసుక సంగతి చూడాలి.

ముందుగా ఇసుకకి అయస్కాంతం పెట్టి చూడండి

పాత స్పీకరులోంచి తీసిన అయస్కాంతం ఒకటి పాలిథీన్ కవరులో చుట్టి, తీరం ఇసుకలో అటూ ఇటూ లాగండి. బయటికి తీసేసరికి కవరు చుట్టూ నల్లగా మీసాల్లా లేచి ఉంటుంది. అది మాగ్నటైట్. దక్కన్ నల్లరాళ్ళ నుంచీ, తూర్పు కనుమల నుంచీ గోదావరి మోసుకొచ్చి సముద్రంలో కలిపే బరువైన ఖనిజాల్లో ఇదొకటి. ఇల్మనైట్, గార్నెట్ కూడా వీటిలోనివే. తెల్ల ఇసుక తేలిక కాబట్టి కెరటాలు దాన్ని ముందు ఎత్తుకుపోతాయి, ఈ నల్ల ఇసుక చారలు చారలుగా మిగులుతుంది.

డిటెక్టరుకి ఈ నల్ల ఇసుకే పెద్ద చికాకు. దాన్ని లోహమనుకుని మాటిమాటికీ అరుస్తుంది. దానికి తోడు ఉప్పునీళ్ళు కరెంటును మోస్తాయి కాబట్టి తడి ఇసుక కూడా ఒక లోహపు రేకులాగే మిషనుకి వినిపిస్తుంది. ఈ రెండూ కలిసినచోట సెన్సిటివిటీ పైకి పెట్టడమంటే జాతరలో మైకు సౌండు పెంచి పక్కవాడి గుసగుస వినాలనుకోవడమే.

అయితే నల్ల ఇసుకలో మంచి కూడా ఉంది. మామూలు ఇసుకకి సాంద్రత 2.65, మాగ్నటైటుకి 5.2, మేలిమి బంగారానికి 19.3. బరువైనవన్నీ నీళ్ళు సర్దినచోట ఒక్క దగ్గరే చేరతాయి. నల్ల చార కనబడితే మిషనుకి కష్టం. అయినా వెతకాల్సింది అక్కడే.

ఏ మిషను?

ఒకే ఫ్రీక్వెన్సీ మీద నడిచే మామూలు మిషన్లు పొడి ఇసుకలో బాగానే పనిచేస్తాయి. తడి ఇసుకలోకి దిగగానే వాటికి మతి పోతుంది. నా మొదటిది అలాంటిదే, ఇప్పుడు అటక మీద ఉంది. తీరానికి కావలసింది ఒకేసారి అనేక ఫ్రీక్వెన్సీలు పంపే మల్టీ ఫ్రీక్వెన్సీ మిషను. ఒక్కో ఫ్రీక్వెన్సీకి వచ్చిన జవాబును పోల్చి చూసుకుని అది ఉప్పు తాలూకు సద్దును చాలావరకు తీసేస్తుంది. మైన్‌ల్యాబ్ ఈక్వినాక్స్ ఆ రకం. మూడోది పల్స్ ఇండక్షన్. నల్ల ఇసుకను పెద్దగా పట్టించుకోదు, లోతుగా చూస్తుంది, కానీ ఇనుమేదో బంగారమేదో సరిగా చెప్పదు. పడవ మేకు దగ్గర్నుంచి పట్టీ దాకా అన్నీ తవ్వుకోవాల్సిందే. ఓపిక ఉన్నవాళ్ళకి అది బాగుంటుంది, నాకు లేదు.

సెట్టింగులు, ఈ వరసలోనే

ముందు మీ ఉంగరం, వాచీ తీసి జేబులో కాదు, బ్యాగులో పెట్టండి. ఫోన్ ఏరోప్లేన్ మోడ్‌లో ఉంచండి. ఉక్కు ముక్కు ఉన్న బూట్లు వద్దు.

మిషను ఆన్ చేసి బీచ్ మోడ్ ఎంచుకోండి. ఈక్వినాక్స్‌లో రెండుంటాయి. పొడి ఇసుకకీ తడి ఇసుకకీ బీచ్ 1, నీళ్ళలో దిగినప్పుడు బీచ్ 2. కాయిల్‌ను, అంటే కర్ర కింది కొసన ఉండే గుండ్రటి పళ్ళాన్ని, కదపకుండా పట్టుకుని నాయిస్ క్యాన్సిల్ నొక్కితే చుట్టుపక్కల సద్దు తక్కువగా ఉన్న చానల్‌ను అదే వెతుక్కుంటుంది.

తరవాత గ్రౌండ్ బ్యాలెన్స్, అంటే కింద ఉన్న ఇసుక సద్దును పట్టించుకోవద్దని మిషనుకి నేర్పడం. మొదటి రోజు నేను సరుగుడు తోట పక్కన, పొడి ఇసుక మీద చేసి నీళ్ళ దాకా నడిచాను. అది పనికిరాలేదు. వెతకబోయే తడి ఇసుక మీదే, కింద లోహం లేని చోటు చూసుకుని, కాయిల్‌ను నేలకి నాలుగు వేళ్ళ ఎత్తు నుంచి మోకాలి దాకా నెమ్మదిగా పైకీ కిందకీ ఆడించండి. కిందకి వచ్చినప్పుడు ఇక సద్దు మారకుండా ఉంటే కుదిరినట్టు. నల్ల చార మీదకి వెళ్ళగానే మళ్ళీ చేయాలి. బద్ధకించొద్దు.

ఇప్పుడు సెన్సిటివిటీ. కాయిల్ ఊపుతూ, మిషను ఊరికే గొణగడం మానేదాకా ఒక్కో అంకె తగ్గిస్తూ రండి. ఈక్వినాక్స్‌లో ఇది 25 దాకా ఉంటుంది. కంపెనీ నుంచి వచ్చేటప్పుడు 20 ఉంటుంది. నేను మొదటి రోజు 24లో పెట్టి తల వాచిపోయేలా విన్నాను, రెండో రోజు 16కి దింపాను. రెండంగుళాల లోతు పోతే పోయింది, వినబడిన ప్రతి సద్దుకీ ఒక అర్థం వచ్చింది.

డిస్క్రిమినేషన్ అంటే ఫలానా లోహాలకి మూగగా ఉండమని మిషనుకి చెప్పడం. ఇక్కడ మనకి ప్రత్యేకంగా ఒక చిక్కుంది. మన రూపాయి, రెండు రూపాయల బిళ్ళలు స్టెయిన్‌లెస్ స్టీలువి, అయస్కాంతానికి అంటుకుంటాయి. ఇనుమును పూర్తిగా నోరు మూయిస్తే వాటిలో చాలావరకు వినబడవు. రాజమండ్రి రేవుల్లో కుర్రాళ్ళు తాడుకి అయస్కాంతం కట్టి గోదాట్లోంచి చిల్లర లాగేది ఈ స్టీలు పుణ్యాన్నే. ఉంగరమే కావాలంటే ఇనుమును ఆపినా ఫరవాలేదు. కానీ ఆపకుండా, ఇనుముకి బొంగురు గొంతు వచ్చేలా టోన్ మాత్రం వేరు చేసుకోవడం మంచిది.

లోహం తగిలినప్పుడు మిషను తెర మీద ఒక నంబరు చూపిస్తుంది. బంగారం నంబరు ఇదీ అని ఎవరైనా చెబితే నమ్మకండి. ఉంగరం మందం, కారెట్టు, ఆకారాన్ని బట్టి అది గుట్కా కవరు రేకు దగ్గర్నుంచి సీసం గుండు దాకా ఎక్కడైనా పలకొచ్చు. దానికి ఒక ఉపాయం ఉంది. పోయినదానిలాంటి వస్తువు ఇంకోటి అడిగి తీసుకోండి. మామగారి వేలి ఉంగరం ఇమ్మంటే ఆయన ఒక్క క్షణం నా మొహం చూశారు. దానికి చేప గేలం దారం కట్టి, రెండో కొస సరుగుడు పుల్లకి ముడేసి, పుల్లను నేలలో దింపి, ఉంగరాన్ని జానెడు లోతులో పాతాను. ఆయన ఆ పుల్లను వదలకుండా పట్టుకునే కూర్చున్నారు. కాయిల్ ఊపితే గుండ్రటి, మెత్తటి సద్దు, అటునుంచి వచ్చినా ఇటునుంచి వచ్చినా అదే నంబరు. నేను వెతకాల్సిన గొంతు అదన్నమాట.

ఇంకో మాట. సన్నటి గొలుసును డిటెక్టరు ఒక్క ముక్కగా చూడదు, విడివిడి లింకులుగా చూస్తుంది. అందుకే గొలుసు పోతే వినబడేది దాని కొక్కెమో, లాకెట్టో. మంగళసూత్రం పోతే పుస్తెలే దిక్కు. ఉప్పాడలో తుపాను వెళ్ళాక జనం ఇసుకలో ఏరుకునే బియ్యపు గింజంత బంగారు ముక్కలకి మాత్రం ఈ మిషను దండగ, అక్కడ జల్లెడే మేలు.

పాటు చూసుకుని దిగండి

నీళ్ళు వెనక్కి తగ్గడాన్ని మత్స్యకారులు పాటు అంటారు, ఎక్కడాన్ని పోటు. ఒక పాటుకీ తరవాతి పాటుకీ మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాలు. రోజుకి సుమారు 50 నిమిషాల చొప్పున వెనక్కి జరుగుతుంది. ఇవాళ మూడింటికైతే రేపు నాలుగింటికి పది నిమిషాల ముందు. పౌర్ణమికీ అమావాస్యకీ నీళ్ళు మామూలు కంటే బాగా లోపలికి తగ్గుతాయి. పండగ స్నానాలు ఎక్కువగా ఆ రోజుల్లోనే కావడం వెతికేవాళ్ళ అదృష్టం.

అల్లుడిగారు పోటులో నడుం లోతున మునిగారు. నేను మొదటి రోజు సగం పోటులో వెళ్ళి, ఆయన వేలితో చూపించిన చోటికి చేరలేక ఒడ్డునే తిరిగాను. మర్నాడు పాటుకి రెండు గంటల ముందు వెళితే అదే చోట పాదం మునిగే నీళ్ళే ఉన్నాయి. నీళ్ళ వెంటే లోపలికి దిగి, నీళ్ళు తిరిగాక వాటి ముందే వెనక్కి వచ్చేయాలి. అన్నాచెల్లెళ్ళ గట్టు వైపు, గోదావరి సముద్రంలో కలిసే మొగ దగ్గర మాత్రం మోకాలు దాటి దిగకండి. పాటు లాగుడు అక్కడ చాలా గట్టిగా ఉంటుంది.

స్కూప్

స్కూప్ అంటే ఇసుకను ఎత్తి జల్లెడ పట్టే చిల్లుల డబ్బా. మిషనుకి పెట్టిన డబ్బులో పదో వంతు కూడా దానికి పెట్టడానికి మనసొప్పదు చాలామందికి. కానీ తడి ఇసుకలో పారతో గొయ్యి తీసి చూడండి, తీసినంత సేపట్లోనే పూడిపోతుంది. పొడి ఇసుకకైతే చేతిలో పట్టే ప్లాస్టిక్ స్కూప్, అదీ లేకపోతే వంటింట్లో చిల్లుల గిన్నె సరిపోతుంది. తడి ఇసుకకి పొడుగు కర్ర ఉన్న స్టీలు స్కూప్ తప్పదు.

నాది రెయిలింగులు చేసే వెల్డింగ్ షాపులో చేయించాను. 304 గ్రేడు స్టెయిన్‌లెస్ రేకు, 2 మిల్లీమీటర్ల మందం, ఆరంగుళాల వెడల్పు డబ్బాలా చుట్టి, ముందు అంచు ఏటవాలుగా కోయించాను. 202 గ్రేడు చవక, కానీ ఉప్పునీళ్ళకి తుప్పు మచ్చలు వస్తాయి. చిల్లులు 8 మిల్లీమీటర్లు. 12 పెడితే ఇసుక గబగబా కారిపోతుంది గానీ చెవి దుద్దు మర కూడా దాంతోనే పోతుంది. మరీ చిన్నవి పెడితే స్కూప్ నిండా తడి ఇసుకే మిగిలి భుజం పోతుంది. డబ్బా వెనక కాలితో తొక్కడానికి ఒక పలక, మూడున్నర అడుగుల పైపు కర్ర. చిల్లులకి లోపలివైపు పదును లేకుండా ఆకురాయి పట్టించండి, వేలు పెట్టి ఏరేటప్పుడు కోసుకుంటుంది. కాయిల్ ఊపేటప్పుడు స్కూప్‌ను వెనకే ఈడ్చుకుంటూ రావాలి, దగ్గరికొస్తే దానికే మిషను అరుస్తుంది.

వెతకడం, తవ్వడం

నాలుగు సరుగుడు పుల్లలు పాతి, పది అడుగుల చదరం గుర్తు పెట్టుకోండి. నీళ్ళకి అడ్డంగా కాకుండా, ఒడ్డు పొడవునా నడవండి. అలా నడిస్తే ఇసుక తడి ఒకేలా ఉంటుంది, మిషను తికమకపడదు. కాయిల్ నేలకి అంగుళం ఎత్తులో, చివర్లలో పైకి లేవకుండా ఊపాలి. కొడవలితో గడ్డి కోసినట్టు రెండు కొసలా పైకి ఎత్తేస్తే ప్రతి కొసకీ ఒక దొంగ సద్దు వస్తుంది. ఒక ఊపు మీద ఇంకో ఊపు సగం పడాలి.

సద్దు వచ్చాక తొంభై డిగ్రీలు పక్కకి తిరిగి మళ్ళీ ఊపండి. రెండు వైపులా పలికితేనే తవ్వండి. రెండు గీతలూ కలిసే చోటుకి బెత్తెడు వెనక స్కూప్ దింపి, మడమతో తొక్కి, ఎత్తండి. ఇసుక పోసేముందు గోతినే మళ్ళీ చూడాలి. గొయ్యి పలికితే ఇంకా లోపలుంది, పలకకపోతే స్కూపులో ఉంది. కెరటం వచ్చినప్పుడు స్కూప్‌ను చేటలా ఆడిస్తే ఇసుక పోయి వస్తువు మిగులుతుంది.

ఆ రోజు నాలుగో స్కూపు నల్లగా వచ్చింది. రెండు సీసం గుళ్ళు, ఒక రూపాయి బిళ్ళ, వాటి మధ్య ఉంగరం. మామగారు ముందు తన వేలు చూసుకున్నారు, తరవాత అల్లుడి వైపు చూశారు.

గొయ్యి పూడ్చకుండా కదలకండి. తెల్లారితే అలివి వల లాగే పాతికమంది వెనక్కి నడుచుకుంటూ వచ్చేది ఆ ఇసుక మీదే.

ఎక్కడ తవ్వకూడదు

మాఘం, ఫాల్గుణం అంటే ఆలివ్ రిడ్లే తాబేళ్ళు గుడ్లు పెట్టే కాలం కూడా. పోటు గీతకి పైన, పొడి ఇసుకలో ట్రాక్టర్ టైరు జాడలా రెండు వరసల గుర్తు కనబడితే, దాని చివర అడుగున్నర లోతులో గుడ్లుంటాయి. ఆ దరిదాపుల్లో స్కూప్ పెట్టొద్దు. ఇవి 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో మొదటి షెడ్యూలులో ఉన్న జీవులు. కోరంగి అభయారణ్యం వైపు మిషను తీసుకెళ్ళే ఆలోచనే వద్దు. ఓడలరేవు దగ్గర ఓఎన్‌జీసీ ప్రాంతం, కోనసీమలో గ్యాస్ పైపులైను గుర్తు రాళ్ళున్న చోట్లు, గుడి ఆవరణ కూడా అంతే. తీరంలో వెతికేముందు దగ్గర్లోని మెరైన్ పోలీసులకి ఒక మాట చెప్పడం మేలు. లేకపోతే హెడ్‌ఫోన్ పెట్టుకుని చీకట్లో ఇసుక తవ్వేవాణ్ణి చూసి ఊరంతా చేరుతుంది.

నిన్న మొన్న పోయిన నగ దొరికితే అది పోగొట్టుకున్నవాళ్ళది. వాళ్ళెవరో తెలియకపోతే పోలీస్ స్టేషనులో ఇవ్వండి. పాతకాలపు నాణేలు, నిధి లాంటివైతే 1878 నాటి ట్రెజర్ ట్రోవ్ చట్టం ఇప్పటికీ అమల్లో ఉంది. భూమిలో దాగి దొరికినదాని విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకి రాతపూర్వకంగా తెలపాలి. దాచితే ఏడాది దాకా జైలు. పది రూపాయలు చదివి నవ్వొచ్చినా చట్టం చట్టమే.

ఇంటికొచ్చాక

కాయిల్‌నీ, కర్రనీ, స్కూప్‌నీ మంచినీళ్ళతో కడగండి. గొట్టం నీళ్ళు గట్టిగా కొట్టొద్దు. కాయిల్ కింద ఉండే ప్లాస్టిక్ మూతను కూడా ఊడదీయాలి. చాలామంది వదిలేసేది ఇదే. దాని లోపల పిడికెడు నల్ల ఇసుక పేరుకుని ఉంటుంది. కడగకుండా వదిలేస్తే మర్నాడు పెరట్లో, మామూలు మట్టి మీద ఆన్ చేసినా మిషను అంతర్వేదిలో ఉన్నట్టే గొణుగుతూ ఉంటుంది.