స్నేహితుడితో కలిసి పరుగు మొదలుపెట్టడం, ప్రగతిని రాసుకోవడం ఎలా?

ప్రతి జనవరిలో మా హనుమకొండ గ్రౌండుకు కొత్తవాళ్లు ఇద్దరిద్దరుగా వస్తారు. కొత్త షూ, చేతికి కొత్త వాచీ, ముఖంలో మంచి హుషారు. మొదటి రౌండు ఒకరిని మించి ఒకరు ఉరుకుతారు. రెండో రౌండు సగానికి వచ్చేసరికి ఒకతను మోకాళ్ల మీద చేతులు పెట్టి వంగిపోతాడు. ఇంకొకతను 50 గజాలు ముందుకెళ్లి వెనక్కి తిరిగి చూస్తాడు. మూడో వారానికి ఇద్దరూ కనబడరు. 11 ఏళ్లుగా ఇదే చూస్తున్నాను, ఇప్పటికీ బాధగానే ఉంటుంది. వాళ్లకు చేతకాక మానేయలేదు. మొదటి నెల ఎలా పరుగెత్తాలో ఎవరూ చెప్పలేదు, అంతే.

నేను, మా దోస్తు మొదలుపెట్టిన పద్ధతి కింద రాస్తున్నాను. తర్వాత చాలామంది చేత ఇలాగే మొదలుపెట్టించాను. ముందుగా ఒక మాట: 40 దాటినవాళ్లు, బీపీ, షుగర్, గుండె సమస్య ఉన్నవాళ్లు డాక్టరును అడిగాకే రండి. పరుగులో ఛాతీ పట్టేసినట్టున్నా, కళ్లు తిరిగినా ఆ రోజుకు ఆపేసి, ఆ రోజే డాక్టరుకు చూపించుకోండి.

1. కావాల్సినవి

రన్నింగ్ షూ ఒక జత. సాయంత్రం పూట కొనండి, అప్పటికి పాదాలు కాస్త ఉబ్బి ఉంటాయి. కాలి బొటనవేలి ముందు మన చేతి బొటనవేలంత జాగా ఉండాలి. సెకన్లు చూపించే మామూలు గడియారం, దర్జీ వాడే టేపు, ఒక రూళ్ల నోటుబుక్కు, పెన్ను. ఇద్దరికీ వేర్వేరు నోటుబుక్కులు ఉండాలి.

2. తోడు ఎవరు?

ఇల్లు దగ్గరగా ఉన్నవాళ్లు కావాలి. మీ అంత వేగంగా ఉరికేవాళ్లే కానక్కర్లేదు. ఇద్దరే ఉండాలి, ముగ్గురు వద్దు. ముగ్గురైతే ఇద్దరు మాటల్లో పడతారు, మూడో మనిషి వెనకబడి, వారం తర్వాత ఏదో పని చెప్పి మానేస్తాడు. పెద్ద గ్రూపులో చేరడం ఇంకా తప్పు, కనీసం మొదటి 3 నెలలు. అక్కడ అందరికంటే వేగంగా వెళ్లేవాడి లెక్కే నడుస్తుంది.

వారానికి 3 రోజులు, మధ్యలో ఒక్కో రోజు విరామం. రాత్రి 9 తర్వాత రద్దు చేసుకోవడం లేదని ముందే మాట అనుకోండి. పొద్దున 5:30కి గేటు ముందు మనిషి నిలబడి ఉన్నాడని తెలిస్తే ఎంత బద్ధకమున్నా లేస్తాం. తోడు ఉండాలనేది ఇందుకే. రెండో కారణం కిందకు వస్తే తెలుస్తుంది.

3. మొదటి రోజు రాసుకోవాల్సినవి

పొద్దున మెలకువ రాగానే, మంచం దిగకముందే నాడి చూసుకోండి. మణికట్టు దగ్గర బొటనవేలి వైపున చూపుడు వేలు, మధ్యవేలు ఆనించి పూర్తిగా 60 సెకన్లు లెక్కపెట్టాలి. బొటనవేలితో చూడకూడదు, దాని నాడే మనకు తగులుతుంది. పెద్దవాళ్లకు కుదురుగా ఉన్నప్పుడు 60 నుంచి 100 మధ్య మామూలే. తర్వాత బొడ్డు మీదుగా నడుము కొలత, బరువు. ఈ రెండూ ఇకమీద వారానికి ఒక్కసారే, ఆదివారం పొద్దున చూసుకోండి. రోజూ బరువు చూసుకుంటే తాగిన నీళ్లకు, తిన్న ఉప్పుకు అంకె అటూ ఇటూ అవుతుంది, అనవసరంగా టెన్షన్.

4. మొదటి 12 వారాలు

ముందు 5 నిమిషాలు చురుకుగా నడక, చివర 5 నిమిషాలు నెమ్మదిగా నడక ఎప్పుడూ ఉంటాయి. మధ్యలో చేసేది ఇది. 1, 2 వారాలు: 1 నిమిషం పరుగు, 2 నిమిషాలు నడక, 8 సార్లు. 3, 4 వారాలు: 2 పరుగు, 2 నడక, 6 సార్లు. 5, 6 వారాలు: 4 పరుగు, 2 నడక, 4 సార్లు. 7, 8 వారాలు: 8 పరుగు, 2 నడక, 3 సార్లు. 9, 10 వారాలు: 12 పరుగు, 2 నడక, 2 సార్లు. ఆఖరి రెండు వారాల్లో ఆగకుండా 25 నిమిషాలు, ఆపై 30.

1996లో జోష్ క్లార్క్ అనే అమెరికన్ తయారుచేసిన 9 వారాల ప్రణాళిక చాలామందికి తెలుసు. అందులో మొదటి వారమే 60 సెకన్ల పరుగు, 90 సెకన్ల నడక. మంచి ప్రణాళికే. కానీ రోజంతా కుర్చీలో కూర్చునే ఉద్యోగం చేసి వచ్చినవాళ్లకు 12 వారాలే సరైనది. గుండె, ఊపిరితిత్తులు పరుగుకు త్వరగా అలవాటుపడతాయి. ఎముకలకు, మడమ పైన నరంలా గట్టిగా తగిలే కండర బంధనానికి నెలలు పడుతుంది. మూడో, నాలుగో వారంలో "దమ్ము సరిపోతోంది కదా" అని పెంచేసినవాళ్లకే కాలి ముందు ఎముక వెంబడి నొప్పి పట్టుకుంటుంది.

5. వేగం

చాలామంది చెడగొట్టుకునేది ఇక్కడే. మిగతావన్నీ అటూ ఇటూ అయినా నడుస్తుంది, ఇది కుదరాల్సిందే.

పరుగెత్తుతూ మాట్లాడగలగాలి. "ఊ", "ఆ" అనడం కాదు, పూర్తి వాక్యాలు రావాలి. నా పరీక్ష ఇది: చైత్రం, వైశాఖం, జ్యేష్ఠం, ఆషాఢం, ఈ నాలుగు నెలల పేర్లు ఒకే దమ్ములో పైకి చెప్పాలి. మళ్లీ గాలి పీల్చుకుని శ్రావణం నుంచి కార్తీకం దాకా, ఇంకో దమ్ములో మార్గశిరం నుంచి ఫాల్గుణం దాకా. జ్యేష్ఠం దగ్గరే ఊపిరి తెగిందంటే వేగం ఎక్కువైంది. అప్పటికప్పుడు తగ్గించాలి, "ఈ రౌండు అయ్యాక" అనుకోకూడదు.

రెండో కారణం అన్నది ఇదే. ఒంటరిగా ఉంటే ఈ పరీక్ష ఎవరూ పెట్టుకోరు. పక్కన మనిషి ఉంటే మన మాట ఎక్కడ తెగిందో మనకంటే ముందు అతనికి వినబడుతుంది. మా దోస్తుకు ఆయాసం వస్తే ముందు మాట ఆగదు. వాక్యం చివర గొంతు సన్నబడుతుంది, తర్వాత షూ నేలకు తగిలే చప్పుడు బరువెక్కుతుంది. ఆ చప్పుడు వినగానే నేను అడుగు చిన్నది చేస్తాను. "తగ్గిద్దామా?" అని అడగను. అడిగితే ఏ స్నేహితుడైనా "పర్లేదు, పద" అనే అంటాడు.

కాబట్టి ఇద్దరిలో నెమ్మదిగా వెళ్లేవాళ్లే వేగం నిర్ణయించాలి. వేగంగా వెళ్లగలిగినవాళ్లు అర అడుగు వెనకే ఉండాలి. పక్కపక్కన ఉన్నా ముందుకు లాగినట్టే అవుతుంది, పక్కవాడి భుజం ముందుకు పోతుంటే మన కాలు దానంతటదే దాని వెంట పోతుంది. మొదట్లో మేమిద్దరమూ ఈ తప్పే చేశాం. నేను "ఇంకొంచెం, ఇంకొంచెం" అంటూ ముందు పరుగెత్తాను. అతను మొహమాటానికి వెంట వచ్చాడు. పిక్క పట్టేసి 3 వారాలు ఇంట్లో కూర్చున్నాడు. ఆ 3 వారాలూ ఒక్కడినే గ్రౌండుకు వెళ్లలేక నేనూ మానేశాను.

400 మీటర్ల ట్రాక్ మీదైతే ఒక ఉపాయం ఉంది. నెమ్మదైనవాళ్లు లోపలి లేన్‌లో, రెండోవాళ్లు దాని పక్క లేన్‌లో ఉండాలి. ఒక్క లేన్ బయటికి జరిగితే రౌండుకు 7 మీటర్లకు పైగా ఎక్కువ దూరం. 5 రౌండ్లకు 35 మీటర్లు దాటుతుంది. వేగం ఉన్నవాళ్లకు పని దొరుకుతుంది, ఎవరూ ఎవరినీ వదిలి వెళ్లరు. రోడ్డు మీదైతే కుడివైపున, ఎదురుగా వచ్చే బండ్లు కనబడేలా, ఒకరి వెనక ఒకరు.

"ఇంత నెమ్మదిగా అయితే నడకే నయం కదా" అని అడుగుతారు. కాదు. నడక కంటే నెమ్మదైనా సరే, రెండు పాదాలూ ఒక్క క్షణం గాలిలో ఉంటే అది పరుగే, ఒళ్లు దాన్ని పరుగుగానే నేర్చుకుంటుంది. చూసేవాళ్లు ఏమనుకుంటారోనని వేగం పెంచకండి.

వాచీలో గుండె వేగం చూసుకుంటే సరిపోదా అంటే, సరిపోదు. 220 నుంచి వయసు తీసేసే లెక్క ఒక సగటు మాత్రమే. మనిషి మనిషికీ 10, 15 అటూ ఇటూ ఉంటుంది. పైగా పట్టీ కాస్త వదులైనా, చెమట పట్టినా మణికట్టు అంకె తప్పు చూపించవచ్చు. అన్నిటికంటే ముఖ్యం, అంకె కనబడితే మనసు దాని వెంటే పోతుంది, పక్కన మనిషి ఉన్నాడన్నది మరచిపోతాం. గుండె వేగం చూపించే వాచీ ఇంట్లో పెట్టి, మామూలు గడియారంతో రండి.

6. నోటుబుక్కులో ఏం రాయాలి?

ఇంటికి రాగానే, స్నానానికి ముందే రాయాలి. తేదీ, ఎన్ని నిమిషాల పరుగు, మాట ఎక్కడ తెగింది, రాత్రి నిద్ర ఎన్ని గంటలు, నొప్పి ఉంటే ఎక్కడ. నొప్పి దగ్గర "కాలు నొప్పి" అని రాస్తే పనికిరాదు. "ఎడమ మోకాలి చిప్ప కింద, మెట్లు దిగేటప్పుడు" అని రాయండి. అదే మాట మూడుసార్లు కనబడితే వారం విరామం.

రెండు వారాలకొకసారి ఒకే దారిలో, ఒకే వేగంతో 4 రౌండ్లు వేసి, ఆగిన తర్వాత సరిగ్గా ఒక నిమిషానికి నాడి చూసుకుని రాయండి. అదే పనికి ఆ అంకె తగ్గుతూ వస్తే మీరు బాగుపడుతున్నట్టు. సాధన మీద గుండె కొట్టుకున్న ప్రతిసారీ ఎక్కువ రక్తం పంపగలుగుతుంది, అందుకే తక్కువసార్లు కొట్టుకుంటే చాలు. ఏప్రిల్, మే నెలల్లో మాత్రం ఈ అంకె పెరిగితే దిగులు పడకండి. ఒంటిని చల్లబరచడానికి రక్తం చర్మం వైపు వెళుతుంది, గుండె ఇంకాస్త పనిచేయాలి. జనవరి అంకెను వచ్చే జనవరితో పోల్చుకోండి.

ఒకరి నోటుబుక్కు ఒకరు చదవకూడదు. మాకు ఇది గట్టి నియమం. నొప్పుల సంగతి నోటితో చెప్పుకుంటాం, అంకెలు మాత్రం చెప్పుకోం. ఇద్దరి గుండెలు, వయసులు, నిద్రలు వేరు. పోలిక మొదలైన రోజే మళ్లీ వేగం పెరుగుతుంది.

పెళ్లో, జ్వరమో, ఊరి ప్రయాణమో వచ్చి ఒక వారం పోతే, మళ్లీ వచ్చినప్పుడు ఆపిన చోట నుంచి కాకుండా రెండు వారాల వెనక నుంచి మొదలుపెట్టండి. మానేసింది ఒక్కరే అయినా వెనక్కి వెళ్లేది ఇద్దరూ.