మీ ఊరి కొండను కొలిచి, అప్పుడు ఫిర్యాదు రాయండి

క్వారీ మీద అర్జీ అనగానే ఊళ్లో అందరూ రాసేది ఒకటే. దుమ్ము వస్తోంది, బాంబులు పేలుస్తున్నారు, గోడలు బీటలు వారుతున్నాయి, మాకు న్యాయం చేయండి. అందులో అబద్ధం ఏమీ లేదు. కానీ ఆ కాగితం ఎలా ముగుస్తుందో మండల సర్వేయరుగా చేసిన రోజుల్లో చాలాసార్లు చూశాను. "లీజు ఉంది, నీళ్లు చల్లమని చెప్పాం" అని ఒక్క వాక్యం రాసి ఫైలు మూసేస్తారు. అదే అర్జీలో "ఫలానా సర్వే నంబరులో లీజు 2 హెక్టార్లు, తవ్వకం ఉత్తరం హద్దు దాటి సుమారు 40 మీటర్లు వెళ్లింది" అని ఉంటే వచ్చిన అధికారి గొలుసు పట్టక తప్పదు. దాటిందో లేదో రాసి కింద సంతకం పెట్టాలి. ఆ సంతకం దగ్గరే అందరికీ టెన్షన్ మొదలవుతుంది.

మా అనకాపల్లి వైపు క్వారీలంటే ఎక్కువగా రోడ్ మెటల్, గ్రావెల్. టెక్కలి దగ్గర నీలి గ్రానైట్, చీమకుర్తిలో గెలాక్సీ, కరీంనగర్‌లో టాన్ బ్రౌన్. రాయి మారుతుంది గానీ దొంగతనం తీరు పెద్దగా మారదు. నేను చూసినంతలో అసలు కాగితమే లేకుండా కొండ మీదికి ఎక్కేవాళ్లు తక్కువ. చిన్న లీజు ఒకటి తీసుకుని, అదే కాగితం చూపించి పక్క కొండ తినేవాళ్లే ఎక్కువ. రెండో పద్ధతి, లీజు హద్దు గీత దాటకుండానే పర్మిట్‌లో రాసిన దానికి రెట్టింపు రాయి పంపడం. కరీంనగర్ గ్రానైట్ విషయంలో వచ్చిన ఆరోపణ ఇదే. సీనరేజి, అంటే తీసిన రాయికి ప్రభుత్వానికి చెల్లించే రుసుము, కట్టిన లెక్క కంటే ఎక్కువ రాయి పోర్టులకు చేరిందని విజిలెన్స్ నివేదిక ఇచ్చింది, 2022 నవంబరులో ఈడీ సోదాలు కూడా జరిగాయి. కాబట్టి మీరు పట్టుకోవలసినవి రెండు: గీత ఎక్కడుంది, రాయి ఎంత పోయింది.

కొండ దగ్గరికి వెళ్లకముందే కాగితాలు చూడండి. ఆ సర్వే నంబరు అడంగల్‌లో ఏమని ఉందో ఆంధ్రప్రదేశ్ భూ రికార్డుల వెబ్‌సైట్ మీభూమిలో తెలుస్తుంది. తెలంగాణ వాళ్లకు భూ భారతి ఉంది. పాత వర్గీకరణ కావాలంటే తహసీల్దారు కార్యాలయంలో ఆర్‌ఎస్‌ఆర్, అంటే పాత సెటిల్‌మెంట్ రిజిస్టరు, మా వైపు డైగ్లాట్ అంటాం, దాని నకలు అడగండి. కొండ పోరంబోకు, అంటే ప్రభుత్వ భూమి అని ఉంటే ఒక దారి, జిరాయితీ, అంటే సొంత పట్టా భూమి అయితే ఇంకో దారి. పేదలకు ప్రభుత్వం ఇచ్చిన డి-పట్టా భూమి అయితే, దాని చేతులు మారకుండా ఆపే 1977 అసైన్డ్ భూముల చట్టం కూడా మీ చేతిలో ఉన్నట్టే. చెరువు గర్భమో, రిజర్వు ఫారెస్టో అని తేలితే కేసు సగం నిలబడినట్టు. విజయవాడ దగ్గరి కొండపల్లిలో గ్రావెల్ తవ్వకాల గొడవ ముదరడానికి కారణం, ఆ నేల అటవీ భూమా, రెవెన్యూ భూమా అన్న ప్రశ్నే.

ఏజెన్సీ గ్రామం అయితే లెక్క పూర్తిగా వేరు. బొర్రా ప్రాంతంలోని మైనింగ్ లీజుల మీద సమత సంస్థ వేసిన కేసులో 1997లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ప్రకారం, షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రభుత్వ భూమిని గిరిజనేతరులకు మైనింగ్ లీజుకు ఇవ్వకూడదు. పైగా షెడ్యూల్డ్ ప్రాంతాల గ్రామసభలకు అధికారాలిచ్చే పెసా చట్టం కింద చిన్న ఖనిజాల లీజుకు ముందు గ్రామసభ లేదా పంచాయతీ సిఫారసు తప్పనిసరి. మా జిల్లాలో కొండ దిగువన ఉన్న ఎన్నో గిరిజన ఊళ్లు షెడ్యూల్డ్ జాబితాలో లేక ఈ రక్షణకు దూరంగా ఉండిపోయాయి. అది నాకు ఇప్పటికీ మింగుడుపడని విషయం.

రీసర్వే అయిన ఊళ్లలో ఒక చిక్కు ఉంది. కొత్త రికార్డులో సర్వే నంబరు బదులు ఎల్‌పీ (ల్యాండ్ పార్సిల్) నంబరు ఉంటుంది, లీజు కాగితంలో మాత్రం పాత నంబరే కనిపిస్తుంది. రెండింటినీ కలిపి చూపే పట్టిక సర్వే శాఖ దగ్గర ఉంటుంది. అర్జీలో రెండు నంబర్లూ రాయండి. లేకపోతే "ఈ నంబరు మా రికార్డులో లేదు" అని తిప్పి పంపేస్తారు.

ఇక అన్నిటికంటే విలువైన కాగితం పర్యావరణ అనుమతి పత్రం. దీపక్ కుమార్ కేసులో 2012 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తీర్పు వచ్చాక 5 హెక్టార్ల లోపు చిన్న లీజుకు కూడా ఈ అనుమతి ఉండాల్సిందే. అందులో లీజు మూలల అక్షాంశ రేఖాంశాలు, ఏడాదికి ఎన్ని క్యూబిక్ మీటర్లు తీయవచ్చు, ఎంత లోతు దాకా వెళ్లవచ్చు అన్నీ రాసి ఉంటాయి. కేంద్రం పరివేశ్ పోర్టల్‌లో జిల్లా పేరుతో వెతకండి. మీ పంచాయతీకి కూడా ఒక నకలు పంపమని ఆ పత్రాల షరతుల్లోనే సాధారణంగా ఉంటుంది. ముందు కార్యదర్శిని అడగండి, బీరువాలో ఎక్కడో ఉండి ఉంటుంది. షరతులు పాటిస్తున్నామని క్వారీ యజమాని ఏటా జూన్ 1కీ డిసెంబరు 1కీ నివేదిక ఇవ్వాలి, అది కూడా జనం చూడదగ్గ పత్రమే.

దొరకనివాటికి సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. ఆంధ్రప్రదేశ్‌లో గ్రామస్థాయిలో రుసుము లేదు, మండలంలో 5 రూపాయలు, ఆపైన 10. జిల్లా గనుల కార్యాలయానికి రాసేటప్పుడు "అక్రమ మైనింగ్ జరుగుతోందా" అని అడగకండి, లేదనే జవాబు వస్తుంది. లీజు ఉత్తర్వు, స్కెచ్, మైనింగ్ ప్లాన్, గత మూడేళ్లలో నెలవారీగా ఇచ్చిన పర్మిట్ల పరిమాణం, కట్టిన సీనరేజి, తనిఖీ నివేదికలు అని విడివిడిగా అడగండి. కాలుష్య నియంత్రణ మండలికి వేరే దరఖాస్తు పెట్టి సీఎఫ్‌ఓ, అంటే క్వారీ నడపడానికి మండలి ఇచ్చే సమ్మతి, గడువు ఎప్పటిదాకా ఉందో అడగండి. 30 రోజుల్లో జవాబు రాకపోతే మొదటి అప్పీలు, అక్కడా తేలకపోతే 90 రోజుల్లోపు కమిషన్‌కు రెండో అప్పీలు. నకళ్లు ఇవ్వడానికి నసిగితే రికార్డు తనిఖీ కోరండి. వెళ్లి కూర్చుని చూసుకోవచ్చు, మొదటి గంట ఉచితం.

మూలల అంకెలు చేతికొచ్చాక కంప్యూటర్‌లో గూగుల్ ఎర్త్ ప్రో తెరవండి, ఖర్చు లేదు. నాలుగు మూలలూ గుర్తు పెట్టి గీతలతో కలపండి. అంకెలు డిగ్రీలు, నిమిషాలు, సెకన్లలో ఉన్నాయా, దశాంశాల్లో ఉన్నాయా చూసుకోండి. ఇక్కడ తేడా వస్తే మీ లీజు పక్క మండలంలో తేలుతుంది. పాత చిత్రాలు చూపే గడియారం బొమ్మ నొక్కి ఒక్కో ఏడాది వెనక్కి వెళ్లండి. పచ్చగా ఉన్న కొండ మీద మొదట తెల్లటి గీత కనిపిస్తుంది, టిప్పర్ల దారి. తర్వాత మచ్చ, ఆ తర్వాత గొయ్యి. గొయ్యి మీ గీత దాటిన ఏడాది ఏదో అక్కడే తెలుస్తుంది. తేదీతో సహా ఆ చిత్రాన్ని దాచుకోండి. ఒక జాగ్రత్త: ఉపగ్రహ చిత్రం కొన్ని మీటర్లు అటూ ఇటూ జరిగి ఉండవచ్చు, ఫోన్ జీపీఎస్‌లోనూ అంతే. అందుకని ఐదారు మీటర్ల తేడాను పట్టుకుని వాదనకు దిగకండి. ఇరవై మీటర్లు మించిందే చెప్పండి.

నేల మీద చూడవలసింది రాళ్లు. క్వారీ చేసేవాడు గీత దాటాలనుకున్నప్పుడు పొక్లెయిన్‌తో మొదట పెకలించేది సర్వే రాయినే. మూడు ఊళ్ల హద్దులు కలిసే చోట ఉండే ట్రైజంక్షన్ రాయి మామూలు గట్టు రాయిలా ఉండదు. పొడవుగా చెక్కి లోతుగా పాతి ఉంటుంది, పైన గుర్తు కొట్టి ఉంటుంది. అది పక్కకు పడి ఉండి, పాతిన సగం మీద మాత్రం ఎర్రమట్టి అంటుకుని కనిపిస్తే, లేచి ఎక్కువ కాలం కాలేదని అర్థం. దాన్ని కదపకండి, మళ్లీ నిలబెట్టకండి. ఉన్నది ఉన్నట్టు నాలుగు వైపుల నుంచి ఫొటో తీసి, ఆ రోజే తహసీల్దారుకు రాతపూర్వకంగా తెలపండి. ఎఫ్‌ఎంబీ, అంటే సర్వే కొలతల పుస్తకం, స్కెచ్‌లో ఆ రాయి ఎక్కడుండాలో కొలతలు ఉంటాయి కాబట్టి సర్వేయరు తిరిగి పాతగలరు. లీజు మూలల్లో స్తంభాలు, లోపలి వైపు చుట్టూ 7.5 మీటర్లు తవ్వకుండా వదిలిన అంచు ఉండాలి. ఇవి బయటి దారి నుంచే కనిపిస్తాయి. క్వారీ లోపలికి మాత్రం అడుగు పెట్టకండి. పేలని మందు ఉండొచ్చు, అంచు విరిగి పడొచ్చు, మీ మీదే కేసు పెట్టొచ్చు.

రాయి ఎంత పోయిందో లెక్కకట్టడం హైస్కూలు పిల్లలకు కూడా వచ్చు. పొడవు, వెడల్పు గూగుల్ ఎర్త్‌లో కొలవండి. లోతుకు బెంచీలు, అంటే మెట్లలా తవ్విన అంచెలు లెక్కపెట్టండి. బెంచీ ఎత్తు ఎంతో మైనింగ్ ప్లాన్‌లో ఉంటుంది. గొయ్యి 100 మీటర్ల పొడవు, 60 వెడల్పు, 12 లోతు అనుకుందాం. 72,000 క్యూబిక్ మీటర్లు. గ్రానైట్ జాతి రాయి క్యూబిక్ మీటరుకు 2.65 టన్నుల చొప్పున సుమారు 1.9 లక్షల టన్నులు. టిప్పరుకు 20 టన్నులనుకుంటే 9,500 లోడ్లు. గోడలు ఏటవాలుగా ఉంటాయి, పై మట్టి ఉంటుంది, కాబట్టి పావు వంతు తీసేయండి. అప్పటికీ పర్మిట్లలో 30,000 క్యూబిక్ మీటర్లే ఉంటే, మిగతా 24,000కు జవాబు చెప్పవలసింది వాళ్లు.

చట్టం బలంగానే ఉంది. గనులు, ఖనిజాల కేంద్ర చట్టం ఎంఎండీఆర్ 4వ సెక్షన్ ప్రకారం లీజు లేకుండా తవ్వడమే కాదు, రవాణా చేయడం, నిల్వ పెట్టడం కూడా నేరం. 21వ సెక్షన్ కింద ఐదేళ్ల దాకా జైలు, హెక్టారుకు 5 లక్షల రూపాయల దాకా జరిమానా. బండ్లు, యంత్రాలు పట్టుకోవచ్చు. తీసుకెళ్లిన రాయి విలువ కూడా రాబట్టవచ్చు. పర్యావరణ అనుమతి లేకుండా తీసిన ఖనిజానికి మొత్తం విలువ కట్టాల్సిందేనని 2017 ఆగస్టులో సుప్రీంకోర్టు ఒడిశా ఇనుప గనుల కేసులో చెప్పింది. ఎంఎండీఆర్ కేసు కోర్టులో వేయగలిగింది అధికారం ఉన్న అధికారి మాత్రమే. కానీ ప్రభుత్వ భూమిలో రాయి ఎత్తుకుపోవడం దొంగతనం కూడా. దానికి పోలీసులు విడిగా కేసు కట్టవచ్చని 2014లో సంజయ్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. "ఇది గనుల శాఖ పని" అని స్టేషన్‌లో అంటే ఈ తీర్పు పేరు చెప్పండి.

అర్జీ రెండు పేజీలు దాటనివ్వకండి. సర్వే నంబర్లు, లీజు నంబరు, మూలల అంకెలు, దాటిన దిక్కు, దూరం, పరిమాణం లెక్క, చిత్రాలు. చివర్లో కోరిక ఒకటే: రెవెన్యూ, సర్వే, గనులు, కాలుష్య మండలి, అవసరమైతే అటవీ శాఖ కలిసి ఉమ్మడి తనిఖీ చేయాలి, మాకు ముందుగా నోటీసు ఇవ్వాలి, పంచనామా నకలు ఇవ్వాలి. సోమవారం కలెక్టరేట్‌లో ఇచ్చి రసీదు నంబరు తీసుకోండి, మిగతా శాఖలకు స్పీడ్ పోస్టులో పంపండి. తనిఖీ రోజు ఊళ్లో పెద్దలు నలుగురు అక్కడ ఉండాలి. పంచనామా చదవకుండా సంతకం పెట్టకండి. హద్దులు "కంటికి సరిపోయాయి" అని రాస్తే ఒప్పుకోకండి, రోవర్‌తో, అంటే ఉపగ్రహ సంకేతాలతో కచ్చితంగా కొలిచే సర్వే పరికరంతో, కొలవమని అడగండి.

రెండు మూడు నెలల్లో కదలిక లేకపోతే పర్యావరణ కేసులు వినే జాతీయ హరిత ట్రిబ్యునల్ దక్షిణ బెంచి చెన్నైలో ఉంది. నష్టపరిహారం అడగకపోతే రుసుము 1,000 రూపాయలు, దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవాళ్లకు అదీ లేదు. ఇక్కడ గడువు మాత్రం గట్టిగా చూస్తారు. తవ్వకం ఆపించడానికైతే వివాదం మొదలైన ఆరు నెలల్లోపు, పరిహారానికీ నేలను బాగుచేయించడానికీ అయితే ఐదేళ్లలోపు వెళ్లాలి. కారణం చూపితే ఇంకో 60 రోజులు ఇవ్వవచ్చు. అర్జీలు ఇస్తూ ఇస్తూ ఈ ఆరు నెలలు దాటించుకున్న ఊళ్లు ఎన్నో. మహిళలకు, ఎస్సీ ఎస్టీలకు ఆదాయంతో సంబంధం లేకుండా జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా లాయర్‌ని ఇస్తుంది.

నష్టం రుజువులు ఇవాళే మొదలుపెట్టండి. గోడ బీటకు రెండు వైపులా పెన్సిల్ గీతలు గీసి, పక్కన స్కేలు పెట్టి, తేదీ రాసిన కాగితంతో ఫొటో తీయండి. ప్రతి నెలా అదే చోట, అదే దూరం నుంచి. పేలుడు జరిగిన రోజు, సమయం ఒక నోటు పుస్తకంలో రాయండి. బావి నీటి మట్టం తాడుతో కొలిచి రాయండి. కొండ మీది వాన నీరు గెడ్డలోకి, అంటే వాగులోకి వచ్చే దారిలో రాతిపొడి కుప్పలు పోసి ఉంటే అదీ ఫొటో తీయండి, చెరువు పూడేది అక్కడి నుంచే. మాఘంలో జీడి పూత మీద తెల్లగా పొడి పేరుకుంటే ఉద్యాన అధికారిని పిలిచి రాయించండి.

ఎవరూ ఒంటరిగా ముందుకు వెళ్లకండి. అర్జీ మీద వీలైనన్ని సంతకాలు ఉండాలి, గ్రామసభ తీర్మానం ఉంటే ఇంకా మేలు. టిప్పర్లకు అడ్డంగా పడుకోవడం, డ్రైవర్లతో గొడవ పడటం వద్దు. ట్రిప్పుకింత అని తీసుకునే కుర్రాడు మీ శత్రువు కాదు. కొండ కింద రాయి కొట్టే కూలీ అంతకన్నా కాదు. 2018లో కర్నూలు జిల్లా హత్తిబెళగల్‌ క్వారీలో, 2021లో కడప జిల్లా మామిళ్లపల్లె క్వారీలో పేలుళ్లకు బలైనవాళ్లు కూలికి వచ్చినవాళ్లే. 2025 ఆగస్టులో బల్లికురవ దగ్గర గ్రానైట్ క్వారీలో రాయి విరిగిపడి చనిపోయిన ఆరుగురూ ఒడిశా నుంచి వలస వచ్చినవాళ్లు. కూలీల భద్రత లేదని కనిపిస్తే గనుల భద్రతా డైరెక్టరేట్‌కు విడిగా రాయండి. రాతిపొడి పీల్చి వచ్చే సిలికోసిస్‌కు మందు లేదు, దాన్ని అర్జీలో తప్పకుండా చేర్చండి.

తవ్వకం ఆపమని ఉత్తర్వు వచ్చాక చాలా ఊళ్లు సంబరపడి ఇంటికి పోతాయి. అప్పుడే ఇంకో దరఖాస్తు పెట్టండి: జరిమానా ఎంత వేశారు, ఎంత వసూలైంది, యంత్రాలు ఎవరి స్వాధీనంలో ఉన్నాయి, వదిలేసిన గొయ్యి చుట్టూ కంచె ఎప్పుడు వేస్తారు, మూసివేత ప్రణాళిక ప్రకారం పూడ్చే ఖర్చు ఎవరిది. వానలు మొదలయ్యేలోపు కంచె పడేదాకా వదలకండి. నీళ్లు నిండిన క్వారీ గుంటల్లో ఈతకు దిగి పిల్లలు పోతున్నారు.