హీలర్ లేని పార్టీని నిలబెట్టడం ఎలా?

డంజన్స్ అండ్ డ్రాగన్స్ లాంటి పాత్రధారణ ఆటలో కొత్త క్యాంపెయిన్‌కు (చాలా సిట్టింగ్‌లు సాగే కథకు) కూర్చున్నప్పుడు, పార్టీలో, అంటే ఆటగాళ్ల క్యారెక్టర్ల జట్టులో, ఒకరు ఫైటర్, ఒకరు రోగ్, ఒకరు విజర్డ్ అని తేల్చుకున్నాక "మరి హీలర్ ఎవరు?" అన్న ప్రశ్న వస్తుంది. చివరికి ఆ భారం ఆలస్యంగా వచ్చినవాళ్ల మీదో, మొహమాటానికి కాదనలేనివాళ్ల మీదో పడుతుంది. దయచేసి అలా అంటగట్టకండి. డంజన్స్ అండ్ డ్రాగన్స్ అయిదో ఎడిషన్‌లో వైద్యమే పనిగా పెట్టుకున్న క్యారెక్టర్ తప్పనిసరి కాదు. పడిపోయినవాళ్లను లేపగలిగేవాళ్లు మాత్రం ఇద్దరుండాలి. ఒక్కరే ఉంటే, ఆ ఒక్కరూ పడిన రోజు అందరి పనీ అయిపోతుంది.

హీలర్ కావాలన్న పట్టుదల పాత రూల్స్ నుంచి వచ్చింది. 1974లో వచ్చిన మొదటి ఆటలో ఉన్నవే మూడు క్లాసులు (క్యారెక్టర్ రకాలు), వాటిలో గాయాలు మాన్పే క్లెరిక్ ఒకటి. అప్పట్లో విశ్రాంతితో గాయాలు మానడానికి రోజులకు రోజులు పట్టేది కాబట్టి క్లెరిక్ లేకుండా బయలుదేరడం తెలివితక్కువే. ఇప్పుడు ఒక్క లాంగ్ రెస్ట్‌తో (రాత్రి నిద్రలాంటి సుదీర్ఘ విశ్రాంతితో) హిట్ పాయింట్లన్నీ (క్యారెక్టర్ ప్రాణశక్తి లెక్క, సున్నాకు చేరితే పడిపోతాడు) తిరిగి వస్తాయి.

ముందు లెక్క చూద్దాం. ఇక్కడి అంకెలు అయిదో ఎడిషన్ 2014 రూల్స్‌వి. 2024లో మారినవి అక్కడక్కడ చెబుతాను. మూడో లెవెల్ ఫైటర్‌కు 28 హిట్ పాయింట్లు ఉండేవి, ఇప్పుడు 4 మిగిలాయి. ఎదురుగా ఓగర్ అనే రాక్షసుడు. దాని గద దెబ్బ సగటున 13. టర్న్ వరస ఇది: క్లెరిక్, ఫైటర్, ఓగర్. క్లెరిక్ తన యాక్షన్ (టర్న్‌లో చేసే ప్రధాన పని) పెట్టి క్యూర్ వూండ్స్ అనే వైద్యం స్పెల్ వేస్తే ఒక డీ8కి (ఎనిమిది ముఖాల పాచికకు) 3 కలిపి ఏడో ఎనిమిదో వస్తాయి. ఫైటర్ పన్నెండుకు చేరతాడు, ఓగర్ దెబ్బ తగిలితే ఎలాగూ పడతాడు. స్లాట్ (రోజుకు ఇన్నే అని ఉండే స్పెల్ అవకాశం) పోయింది, యాక్షన్ పోయింది.

అదే క్లెరిక్ ఆ యాక్షన్‌తో ఓగర్‌ను కొట్టిందనుకోండి. ఫైటర్ పడతాడు, కానీ 13లో 4 మాత్రమే అతన్ని తాకాయి, మిగతా 9 గాలికి పోయాయి. సున్నా కిందికి లెక్క ఉండదు. తర్వాత క్లెరిక్ బోనస్ యాక్షన్‌తో (యాక్షన్‌కు అదనంగా చేసే చిన్న పనితో) 60 అడుగుల దూరం నుంచే హీలింగ్ వర్డ్ వేస్తుంది. సగటున అయిదారు పాయింట్లు వచ్చి ఫైటర్ కళ్లు తెరుస్తాడు, సగం మూవ్‌మెంట్ ఖర్చుపెట్టి లేచి నిలబడతాడు. క్లెరిక్ యాక్షన్ ఇంకా చేతిలోనే ఉంది. అయితే అదే టర్న్‌లో ఇంకో స్పెల్ వేయాలంటే క్యాంట్రిప్ (స్లాట్ ఖర్చు లేని స్పెల్) మాత్రమే కుదురుతుంది. చాలామంది ఇది మర్చిపోతారు. 2024 రూల్స్‌లో ఈ రెండు స్పెల్స్‌కీ రెండేసి డైస్ ఇచ్చారు కాబట్టి ముందుగా వేసే వైద్యానికి కాస్త విలువ పెరిగింది. అయినా ఓగర్ దెబ్బను క్యూర్ వూండ్స్ సగటున అందుకోదు.

ఈ పద్ధతి మూడు చోట్ల బెడిసికొడుతుంది. మొదటిది, ఒకటి రెండు లెవెల్స్. సున్నాకు చేరాక మిగిలిన దెబ్బ మీ పూర్తి హిట్ పాయింట్లకు సమానమైనా, మించినా డెత్ సేవ్ (పడినవాడు తన టర్న్‌లో బతకడానికి వేసే పాచిక, మూడు ఫెయిలైతే చావు) లేకుండానే చావు. 7 పాయింట్ల విజర్డ్ 2 మీద ఉండగా ఓగర్ 13 కొడితే 11 మిగులుతుంది, కథ అక్కడే ముగుస్తుంది. కాబట్టి ఆ లెవెల్స్‌లో హిట్ పాయింట్లు తక్కువున్నవాళ్లను పడకముందే ఆదుకోండి, లేదా వెనక్కి లాగండి. రెండోది, పక్కనే శత్రువు ఉన్నప్పుడు. స్పృహ లేనివాణ్ణి అయిదడుగుల లోపు నుంచి కొట్టిన దెబ్బ తగిలితే అది క్రిటికల్, అంటే రెండు డెత్ సేవ్ ఫెయిల్యూర్లు. రెండు దెబ్బలు తగిలితే చాలు. మూడోది టర్న్ వరస. పడినవాడి టర్న్ లేపేవాళ్ల కంటే ముందొస్తే అతని టర్న్ డెత్ సేవ్‌కే పోతుంది.

పాత్‌ఫైండర్ రెండో ఎడిషన్ ఆడేవాళ్లు ఈ లెక్కను యథాతథంగా తీసుకోవద్దు. అక్కడ పడి లేచినవాడికి వూండెడ్ అనే స్థితి అంటుకుంటుంది, మళ్లీ పడితే చావుకు ఇంకా దగ్గరవుతాడు.

ఇక ఇద్దరిని ఎంచుకోవడం. హీలింగ్ వర్డ్ బార్డ్, క్లెరిక్, డ్రూయిడ్ ముగ్గురికీ మొదటి లెవెల్ నుంచే ఉంది. ఒకరు ఈ ముగ్గురిలో ఉంటే బోలెడంత నిశ్చింత. రెండోవారు పాలడిన్ అయితే మరీ మంచిది. లే ఆన్ హ్యాండ్స్‌లో లెవెల్‌కు అయిదు పాయింట్లు ఉంటాయి. మూడో లెవెల్‌లో 15. ఆ 15నీ ఒక్కరికే పోయకండి. పడినవాణ్ణి లేపడానికి ఒక్క పాయింట్ చాలు, అంటే పదిహేనుసార్లు లేపొచ్చు. పాలడిన్ చేయి ఆనించాలి కాబట్టి ఫైటర్ పక్కనే నిలబడాలి. రేంజర్ అయితే గుడ్‌బెర్రీ: ఒక స్లాట్‌కు పది పళ్లు, పండుకు ఒక పాయింట్, 24 గంటలు నిలుస్తాయి. స్పృహ లేనివాడి నోట్లో పండు పెడితే పనిచేస్తుందా అన్నది మాత్రం మొదటి రోజే డీఎంతో (ఆట నడిపే డంజన్ మాస్టర్‌తో) తేల్చుకోండి. యుద్ధం మధ్యలో ఆ వాదన మొదలైతే ఆట చెడుతుంది.

సామాన్ల దగ్గరికొస్తే, హీలర్స్ కిట్ 5 గోల్డ్, పదిసార్లు వాడొచ్చు. మెడిసిన్ చెక్ (వైద్య నైపుణ్యానికి వేసే పాచిక) లేకుండానే పడినవాణ్ణి స్టేబుల్ చేస్తుంది, అంటే చావకుండా ఆపుతుంది. రెండు కొని, ఒకటి ముందు నిలబడేవాళ్ల దగ్గర, ఒకటి వెనక ఉండేవాళ్ల దగ్గర ఉంచండి. ఒకే సంచీలో పెడితే ఆ సంచీ మోసేవాడే ముందు పడతాడు. మామూలు హీలింగ్ పోషన్ 50 గోల్డ్, రెండు డీ4కి 2 కలిపి వస్తుంది. మొదటి దోపిడీ డబ్బుతో మనిషికొకటి కొనేయండి. 2014లో తాగడానికి యాక్షన్ కావాలి, 2024లో బోనస్ యాక్షన్ చాలు.

అసలు వైద్యం జరిగేది పోరాటాల మధ్య. మూడో లెవెల్ క్లెరిక్ ఆరు స్లాట్లూ క్యూర్ వూండ్స్‌కే పెడితే రోజంతా కలిపి సగటున 54 పాయింట్లు. ఫైటర్, రోగ్, విజర్డ్, బార్డ్‌లకు కాన్‌స్టిట్యూషన్ బోనస్ వరసగా 2, 2, 1, 1 అనుకుంటే, నలుగురి హిట్ డైస్ (షార్ట్ రెస్ట్ అనే చిన్న విశ్రాంతిలో వేసి హిట్ పాయింట్లు తిరిగి తెచ్చుకునే పాచికలు, లెవెల్‌కు ఒకటి) కలిపి సగటున 72. పైసా ఖర్చు లేదు, స్లాట్ ఖర్చు లేదు, గంటసేపు షార్ట్ రెస్ట్ దొరికితే చాలు. అందుకే హీలర్ లేని పార్టీ డీఎంను మొదట అడగాల్సిన మాట "రోజుకు ఎన్ని షార్ట్ రెస్ట్‌లు దొరుకుతాయి?" అని. రెండు దొరికితే సాఫీగా సాగుతుంది. ఒక్కటీ లేకుండా పోరాటం వెంట పోరాటం పెట్టే డీఎం అయితే పోషన్లు రెట్టింపు చేసుకోండి. ఇంకో చిక్కుంది: 2014 రూల్స్‌లో లాంగ్ రెస్ట్‌కు సగం హిట్ డైసే తిరిగి వస్తాయి. మొదటి రోజే అన్నీ ఊడ్చేస్తే మూడో లెవెల్‌లో రెండో రోజుకు మనిషికి ఒక్కటే మిగులుతుంది. 2024లో అన్నీ వస్తాయి.

హిట్ పాయింట్లతో తీరనివి కూడా ఉన్నాయి. చచ్చినవాణ్ణి ఒక్క నిమిషం లోపు బతికించే రివివిఫై క్లెరిక్‌కు అయిదో లెవెల్‌లో, పాలడిన్‌కు తొమ్మిదిలో వస్తుంది. ఆ ఇద్దరూ లేకపోతే, శవాన్ని పది రోజుల్లోపు ఏ ఊరి గుడికి మోసుకెళ్తే పూజారి రెయిజ్ డెడ్ వేస్తాడో డీఎంను ముందే అడిగి పెట్టుకోండి. దానికి 500 గోల్డ్ విలువైన వజ్రం కావాలి, రివివిఫైకి 300 గోల్డ్ వజ్రాలు. రెండింటిలోనూ వజ్రం ఖర్చయిపోతుంది. అది ఎవరి సంచీలో ఉందో నలుగురి క్యారెక్టర్ షీట్ల మీదా రాసి ఉండాలి.