హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో బోధనేతర ఉద్యోగానికి దరఖాస్తు

గచ్చిబౌలిలోని హైదరాబాద్ విశ్వవిద్యాలయం 1974లో ఏర్పడిన కేంద్రీయ విశ్వవిద్యాలయం కనుక, అక్కడి శాశ్వత పోస్టులకు కేంద్ర ప్రభుత్వ రిజర్వేషన్లు, వేతన శ్రేణులే వర్తిస్తాయి. ముందుగా మీ అర్హత ఏ కొలువుకు సరిపోతుందో చూసుకోండి. అసిస్టెంట్ రిజిస్ట్రార్ పోస్టుకు 55 శాతం మార్కులతో పీజీ ఉండాలి. గుమాస్తా, ప్రయోగశాల, గ్రంథాలయ సహాయక పోస్టుల అర్హతలు ప్రకటనను బట్టి మారుతుంటాయి.

ఎక్కువమంది తడబడేది కులధ్రువీకరణ పత్రం దగ్గరే. మీసేవలో రాష్ట్ర అవసరాలకు తీసుకున్న బీసీ పత్రం ఇక్కడ చెల్లదు. మీ కులం కేంద్ర ఓబీసీ జాబితాలో ఉందో లేదో సరిచూసుకొని, ఓబీసీల్లోని సంపన్న వర్గమైన క్రీమీలేయర్‌కు చెందరని స్పష్టంగా పేర్కొనే కేంద్ర నమూనా పత్రాన్ని తహసీల్దారు కార్యాలయం నుంచి తెచ్చుకోవాలి. ప్రకటన వెలువడ్డాక పరుగులు పెట్టడం కంటే ఈ పని ముందే ముగించుకోవడం మేలు, అయితే పత్రం తేదీ విషయంలో ప్రకటనలోని నిబంధనను తప్పక చదవండి.

శాశ్వత కొలువు కోసమే ఎదురుచూడనక్కరలేదు. ఆచార్యులకు బయటి సంస్థల నిధులతో మంజూరయ్యే పరిశోధన ప్రాజెక్టుల్లో జేఆర్ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలో), ప్రాజెక్ట్ అసోసియేట్ వంటి తాత్కాలిక స్థానాలు ఏడాది పొడవునా వస్తూనే ఉంటాయి. వీటికి దరఖాస్తు రాసేటప్పుడు "కష్టపడి పనిచేస్తాను" అనే పాతపాట పక్కనబెట్టి, ఉదాహరణకు పీసీఆర్ (డీఎన్ఏ నకళ్లను పెంచే ప్రయోగశాల పద్ధతి) ఎన్నాళ్లు చేశారో, ఏ పరికరాన్ని స్వయంగా నడపగలరో రాయండి. ప్రాజెక్టు ముగిస్తే ఉద్యోగమూ ముగుస్తుంది. దాన్ని శాశ్వతం చేయమని అడిగే హక్కు సాధారణంగా ఉండదు.